శ్రావణ్ చెంప మీద చిల్లు

విజయదుర్గ దగ్గర సి లాంగ్వేజీ నేర్చుకున్నవాళ్ళను ఎవరినైనా కదిపి చూడండి. ముందు దండం పెడతారు, ఆ తర్వాత తిడతారు. రాయగడలో ఓ మేడమీది ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ళ తరబడి పాఠం చెప్పిందావిడ. ప్రోగ్రాం నడిచి, జవాబు సరిగ్గా వచ్చినా సరే, లోపల ఎక్కడైనా అడ్డదారి తొక్కినట్టు కనబడితే మార్కులు కోసేసేది. "పని జరిగిపోయింది కదా మేడమ్" అని ఎవడైనా గొణిగితే, "జరిగిపోతే సాలదురా, సరిగ్గా జరగాల" అని కాగితం మొహాన కొట్టేది. ఒడియా పిల్లలకూ తెలుగు పిల్లలకూ ఒకటే వాత.

ఆ గుణం తండ్రి నుంచి వచ్చింది. ఆయన గుణుపురం స్టేషన్లో పాయింట్స్‌మన్. పట్టాలు మార్చే లీవరు ముప్పాతిక వంతు లాగి చాల్లే అనుకుంటే బండి పడిపోతుంది. నిండా లాగాలి, కడ్డీ పడిన చప్పుడు చెవితో వినాలి. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించడమే ఆమెకు ఆట. పెళ్ళయి జేకేపూర్ కాగితం మిల్లు కాలనీకి వచ్చాక కూడా తలుపు గడియ వేసి, మళ్ళీ ఓసారి లాగి చూసేది. భర్త సోమేశ్వరరావు మిల్లులో మీటర్లు, గేజీలు బాగుచేసే టెక్నీషియన్, మెత్తటి మనిషి. "పడిందిలేవే గడియ. దొంగలొచ్చినా నిన్ను సూసి ఎలిపోతారు" అని నవ్వేవాడు.

వాళ్ళకు ఒక్కడే కొడుకు, శ్రావణ్‌కుమార్. ఇంట్లో ఉండే నాన్నమ్మ లక్ష్మీదేవి మాత్రం వాణ్ణి బుల్లీ అనేది. బడికి వెళ్ళే వయసులో పిల్లవాడు ఊరికే పడిపోవడం మొదలెట్టాడు. మెట్లెక్కాలంటే మోకాళ్ళ మీద చేతులు ఆనించి, తనను తానే ఎత్తుకుంటున్నట్టు ఎక్కేవాడు. విశాఖపట్నం తీసుకెళ్ళి చూపిస్తే, కండ కరిగిపోయే జబ్బన్నాడు డాక్టరు. మొదట కాళ్ళు, తర్వాత చేతులు, ఆఖరికి ఊపిరి. మందు లేదు. ఇంకో మాట కూడా అన్నాడు: ఈ లోపం తల్లి రక్తంలోంచి వస్తుంది, తల్లికి ఏమీ కాదు, మగపిల్లాడిలో బయటపడుతుంది.

ఆ మాట అన్నప్పుడు లక్ష్మీదేవి కూడా గదిలోనే ఉంది. ఇంటికొచ్చాక ఏదో ఒక రోజు అత్తగారు ఆ మాట ఎత్తుతుందని విజయదుర్గ కాచుకుని కూర్చుంది. అనలేదు. ఏళ్ళు గడిచాయి, అనలేదు. అనేస్తే ఏడ్చి ఊరుకునేదేమో, అనకపోవడంతో అది గొంతులో ముల్లులా ఉండిపోయింది.

లాక్‌డౌన్‌లో ఇన్‌స్టిట్యూట్ మూతబడి మళ్ళీ తెరుచుకోలేదు. విజయదుర్గ ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటికి శ్రావణ్ చక్రాల కుర్చీలోకి వచ్చేసి చాలా కాలమైంది. మిల్లు నుంచి రిటైరై వెళ్ళిపోతూ అప్పలనరసింహం అనే ఫోర్‌మన్, తన పిల్లలు ఎప్పుడో ఆడి వదిలేసిన గేమ్ పెట్టె ఒకటి తెచ్చి వాడి ఒళ్ళో పెట్టాడు. బూడిదరంగు పెట్టె, మూత ఎత్తి సీడీ వేసేది. పాత పిక్చర్ ట్యూబు టీవీకి తగిలిస్తే ఇప్పటికీ నడుస్తోంది. దాని రిమోట్ మీద మీటలు పెద్దవి, బొటనవేళ్ళతో నొక్కితే చాలు. శ్రావణ్ ఒంట్లో అప్పటికి చెప్పిన మాట వినేవి ఆ రెండు బొటనవేళ్ళే.

ఆ పెట్టెకు సొంతంగా గేములు రాసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారనీ, వాళ్ళు రాసినవన్నీ ఇంటర్నెట్లో పెడుతున్నారనీ వాడే కనిపెట్టాడు.

"అమ్మా, నువ్వు ప్రోగ్రాం రాయి, నేను బొమ్మలేస్తాను. మనవే ఒక గేమ్ సేద్దుము."

"ఏటి గేమురా?"

"ఏటీ లేదు. ఒక గుంటడు మన క్వార్టర్ కాడ బయల్దేరి, నాగావళి మీద ఏలాడే వంతెన దాటి అవతలికెల్తాడు. అంతే."

"అంతేనా? శత్రువుల్లేరేటి? పాయింట్లు లేవేటి?"

"ఏటీ అక్కర్లేదమ్మా. ఎల్తాడు. ఎవులూ తొయ్యకండా ఎల్తాడు."

చెకాగుడ దగ్గర ఉంది ఆ వంతెన. బడిపిల్లలంతా పిక్నిక్కు వెళ్ళినప్పుడు కుర్చీ దాని మీదకు ఎక్కలేదు. పిల్లలు వంతెన ఊపుతూ కేకలేస్తుంటే వీడు ఒడ్డున డ్రైవరు పక్కన కూర్చుని అందరి చెప్పుల సంచులకూ కాపలా కాశాడు. ఆ సంగతి విజయదుర్గకు తెలుసు. అందుకే మారు మాట్లాడకుండా సరేనంది. వాడి బొటనవేళ్ళు పనిచేస్తుండగా, వాడంతట వాడు ఆ వంతెన దాటాలి. ఆ ఏడాది ఆ ఇంట్లో జరగవలసిన పని అదొక్కటే.

పని మొదలైంది. పొద్దున్నే వంట ముగించుకుని తల్లి లాప్‌టాప్ ముందు కూర్చునేది. పక్కనే కొడుకు మౌసు మీట బొటనవేలితో నొక్కుతూ చుక్క చుక్కా పేర్చి బొమ్మలేసేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు గోడకానుకుని నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటుంది, వాడు నిలబడ్డ ఆఖరి ఫోటో. దాన్ని చూసి తన బొమ్మ తనే వేసుకున్నాడు. చుట్టూ ఉన్న ఖాళీని నలుపుతో నింపాడు. ఎందుకంటే ఆ పెట్టె మర్మం అది: రంగులన్నీ దానికి అంకెలే, అందులో అన్ని అంకెలూ సున్నా అయిన చిక్కటి నలుపు రంగే కాదు. నలుపు ఉన్నచోట ఏమీ గీయకుండా వదిలేస్తుంది, వెనకున్నది కనిపిస్తుంది. అద్దం మీద బొమ్మ అంటించి చుట్టూ కాగితం కత్తిరించేసినట్టన్నమాట.

బొమ్మ పూర్తయ్యే వేళకు లక్ష్మీదేవి వచ్చి వెనక నిలబడింది. కళ్ళజోడు సర్దుకుని చూసింది. మురిసిపోయింది. వెంటనే గాబరా పడిపోయింది.

"ఒరే బుల్లీ, సుక్కేదిరా? ఇంత సక్కటి గుంటణ్ణి ఊరి మీదకి వొట్టి సెంపతో తోలేస్తావేటి? దిష్టి తగిలి సావదా?"

"బొమ్మకి దిష్టేటత్తా!" అని విజయదుర్గ విసుక్కుంది.

"నువ్వూరుకో అమ్మీ. నిన్నడగలేదు." మనవడి వైపు తిరిగి, "ఎట్టరా నాన్నా, బాగా నల్లగా ఎట్టు" అంది.

నాన్నమ్మ మాటంటే వాడికి ప్రాణం. తల్లి పొయ్యి మీది పాలు దించడానికి లేచినప్పుడు, చుట్టూ ఖాళీ నింపిన నలుపునే మళ్ళీ తీసుకుని కుడిచెంప మీద గుండ్రంగా ఒక చుక్క పెట్టాడు. లాప్‌టాప్‌లో అచ్చం కాటుక చుక్కే. తిరిగొచ్చిన విజయదుర్గ చూసింది కూడా. చూసి, పోనీలే ముసలావిడ సరదా అనుకుంది. ఇన్నేళ్ళు పిల్లలకు సున్నా గురించి పాఠం చెప్పిన మనిషి! అప్పుడు తట్టలేదంటే ఏం చెప్పను?

ఆదివారం మధ్యాహ్నం అందరూ టీవీ ముందు చేరారు. సోమేశ్వరరావు సీడీ వేశాడు. తెర మీద కాలనీ వీధి, వెనక పచ్చటి కొండ, వీధిలో బుల్లి శ్రావణ్, ఇంకా పక్కకు తిరిగి ఉన్నాడు. శ్రావణ్ మీట నొక్కాడు. బొమ్మ కాళ్ళు కదిలాయి. వాడి నోట్లోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది, నవ్వో ఏడుపో తెలియలేదు. సోమేశ్వరరావు మొహం అటు తిప్పేసుకున్నాడు. నాలుగడుగులు నడిచాక బొమ్మ ఇటు తిరిగింది.

చెంప మీద చుక్క లేదు. చిల్లుంది. అందులోంచి వెనకున్న కొండ కనిపిస్తోంది. బొమ్మ నడుస్తున్నకొద్దీ చెట్లూ రాళ్ళూ ఆ చిల్లులోంచి ఒకటొకటిగా జరిగిపోతున్నాయి.

"ఒలమ్మో! బుల్లి సెంపకి సిల్లడిపోనాదే!" లక్ష్మీదేవి ఒక్క ఉదుటున లేచి మనవడి నిజం చెంప తడిమి చూసింది.

శ్రావణ్ పకపకా నవ్వాడు. "నాన్నమ్మా, నువ్వెట్టమన్న సుక్కే అది!"

ఆ మాటతో ముసలామె మరీ హడలిపోయింది. దిష్టి తగలకుండా పెట్టిన చుక్కే చిల్లయి కూర్చుంటే ఇంకేమనుకుంటుంది? కోడలి మీద పడింది. "కంప్యూటర్లో పెద్ద సదువు సదివినావు కదే! గుంటడి మొకం మీద సిల్లెట్టినావేటే? నీ సేతిలోంచి వచ్చింది ఏదీ సిల్లు లేకండా ఉండదేటే?"

లక్ష్మీదేవి ఆ డాక్టరు మాటను మనసులో పెట్టుకుని అందో, భయంలో నోరు జారిందో తెలీదు. విజయదుర్గకు మాత్రం తలకొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ కాచుకున్న మాట ఇదే, వచ్చేసింది. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయి, కుళాయి విప్పుకుని ఏడ్చింది.

మర్నాడు సీడీ కనిపించలేదు. లక్ష్మీదేవి దాన్ని రోట్లో వేసి దంచి, పాత చీర పీలికలో మూటగట్టి చెత్తబండి వాడికి ఇచ్చేసిందట. ఇంకో సీడీ ఎక్కించడం ఎంత పని? విజయదుర్గ ఎక్కించలేదు.

"అమ్మా, ఆ సుక్కకి ఒక్క పిసరు ఎరుపు కలిపీ" అన్నాడు శ్రావణ్. "కంటికి నలుపే అగుపిస్తాది. పెట్టెకి మట్టుకు సున్నా కాదు, గీసేస్తాది. రెండు నిమిషాల పనమ్మా. అందరూ అలాగే సేస్తారంట."

"అందరి సంగతీ నాకొద్దు. అది దొంగ నలుపు."

"ఎవులికి తెలస్తాది?"

"నాకు తెలస్తాది."

అదీ వరస. నిజానికి వాడు చెప్పిందీ సరైన దారే, నూటికి తొంభైమంది అదే చేస్తారు. కానీ ఆమెకు ఆ రోజు నుంచీ అది గేము కాదు. కొడుకు ఒంట్లో తన వల్ల వచ్చిందన్న లోపాన్ని ఎలాగూ దిద్దలేదు, కనీసం ఈ బొమ్మలోనైనా తన చేతి లోపం వెంట్రుకవాసి కూడా ఉండకూడదు. అసలైన నలుపే పెట్టాలి, అసలైన నలుపే కనిపించాలి. అందుకు దారి ఉంది కూడా. ఆ పెట్టె ఒక్కో రంగును పదహారు గళ్ళలో దాస్తుంది. ఎరుపుకు ఐదు, పచ్చకు ఐదు, నీలానికి ఐదు. మిగిలిన ఒక్క గడిలో గుర్తు పెడితే, అది నిజమైన నలుపని పెట్టె ఒప్పుకుని గీస్తుంది. కాబట్టి బొమ్మలను పెట్టె భాషలోకి మార్చే ప్రోగ్రాంను ఆమె మళ్ళీ మొదటి నుంచి రాయడానికి కూర్చుంది.

మొదటిసారి నలుపు కనిపించినచోటల్లా గుర్తు పెట్టింది. చుక్క వచ్చింది. కానీ చుట్టూ ఉన్న ఖాళీ కూడా నలుపే కదా, అదీ వచ్చేసింది. నిలువుపాటి నల్లటి పెట్టెలో పిల్లవాణ్ణి నిలబెట్టినట్టుంది తెర మీద. ఆ నల్లపెట్టె వాడితోపాటే నడుచుకుంటూ వస్తోంది. విజయదుర్గ ఎవరూ చూడకముందే టీవీ స్విచ్చి కట్టేసింది.

రెండోసారి బొమ్మ అంచుల నుంచి లోపలికి పాకుతూ, అందినంత నలుపునే ఖాళీ అనుకొమ్మంది. మొహం మధ్యలో ఉన్న చుక్క దానికి అందదు కాబట్టి నిలబడింది. అయితే నడుం మీద చెయ్యి పెట్టుకున్నప్పుడు మోచేతికీ నడుముకీ మధ్య సందు ఉంటుంది, అదీ అందలేదు. అక్కడ మసి పూసినట్టు నల్లటి ముద్ద. ఇక వంతెన సంగతి చెప్పనే అక్కర్లేదు. తాళ్ళ మధ్య, పలకల మధ్య అన్నీ సందులే. కింద నది కనిపించాల్సిన వంతెన, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్టిన నల్లగోడలా తయారైంది.

"ఒగ్గీవే" అన్నాడు సోమేశ్వరరావు, డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ. "ఆడు సెప్పినట్టు ఎరుపు కలిపిస్తే సరిపోద్ది కదా."

"మీరు గేజీ సగం బిగించి వచ్చెస్తారా మిల్లులో?"

ఆమె ఆ తర్వాత ఏ సందు ఖాళీయో ఏ నలుపు నలుపో ఒక్కొక్క చుక్కకూ తనే చేత్తో గుర్తు పెట్టడం మొదలెట్టింది. వంతెన నిండా వేల చుక్కలు. కళ్ళు మంటలెత్తిపోయేవి. అన్నం ముందు కూర్చుంటే పళ్ళెంలో కూడా గళ్ళే కనిపించేవి.

సుభశ్రీ అనే ఫిజియోథెరపిస్టు వారానికోసారి రాయగడ నుంచి స్కూటీ మీద వచ్చి శ్రావణ్ చేత చేతుల వ్యాయామం చేయించేది. ఒడియా పిల్ల, తెలుగు నేర్చుకుని మాట్లాడుతుంది, పిన్నీ అనడానికి మాత్రం మావుసీయే. ఒక రోజు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర విజయదుర్గను ఆపింది.

"మావుసీ, బాబు బొటనవేలు గట్టిపడుతోంది. పోయిన నెల ఉన్న జోరు లేదు. ఆ గేమ్ ఎలా ఉంటే అలా ఇచ్చెయ్యండి."

"అవుతంది తల్లీ. ఒక్క వారం."

"పోయినసారి కూడా వారమే అన్నారు. వానాకాలం వస్తోంది మావుసీ, ఈ జబ్బున్న పిల్లలకు వానాకాలం మంచిది కాదు."

ఆ మాట శ్రావణ్ చెవిన పడే ఉంటుంది. ఆ సాయంత్రం తల్లిని పిలిచాడు. "అమ్మా, ఏదోటి ఎక్కించీ. సిల్లున్నా నాకు పర్వాలేదు."

"నాకు పర్వా ఉంది" అంది తెర మీంచి చూపు తిప్పకుండా.

వాడు ఆమె వీపు వైపు చూశాడు. తర్వాత ఒళ్ళోని రిమోట్‌ను రెండు చేతుల మధ్యా దొర్లించుకుంటూ కూర్చున్నాడు. అప్పుడైనా ఆ ఇల్లాలి జబ్బ పట్టుకుని లేవదీసి, "నీ పంతం తగలెయ్య, ముందు బిడ్డ మొహం చూడవే" అని ఎవరైనా గదమాయిస్తే బాగుండేది. ఎవరున్నారు? మొగుడు మెత్తన, అత్తగారు తను అన్నమాటకు తనే కుమిలిపోయి మూల కూర్చుంది.

వానలు పట్టాయి. పట్టినవి వదల్లేదు. కాలనీ కాలవలు పొంగి, గోడలకు చెమ్మ ఎక్కి, ఆరేసిన బట్టలన్నీ ముక్కిపోయిన వాసన. ఆ వానల్లోనే ఒక ఉదయం విజయదుర్గ ఆఖరి చుక్కకు గుర్తు పెట్టింది. సీడీ ఎక్కించి, ఒంటరిగా టీవీ ముందు కూర్చుని చూసుకుంది. చెంప మీద చుక్క నిండుగా నల్లగా ఉంది. మోచేతి సందులోంచి కొండ, పలకల సందుల్లోంచి నది, ఏది కనిపించాల్సినచోట అది కనిపిస్తోంది. ఎన్నో నెలల తర్వాత ఆమె ఒళ్ళంతా తేలికైంది. లేచి గబగబా కొడుకు గదిలోకి వెళ్ళింది.

వాడు దగ్గుతున్నాడు. నుదుటి మీద చెయ్యేస్తే కాలిపోతోంది.

"అయిపోయిందిరా నాన్నా, వంతెన అయిపోయింది!"

"ఇప్పుడు పెట్టమ్మా."

"ఇంత జొరంలోనా? తగ్గనీ. బేగి తగ్గిపోద్ది, ఆడుకుందువుగాని."

తగ్గలేదు. సాయంత్రానికి ఊపిరి తియ్యడానికి భుజాలు ఎగరేస్తున్నాడు. పార్వతీపురం వైపు రోడ్డు వానకు తెగిపోయిందన్నారు. అంబులెన్సులో కోరాపుట్ తీసుకెళ్ళారు. ఘాట్ రోడ్డు మలుపు మలుపుకీ సోమేశ్వరరావు ఒక చేత్తో సిలిండరు, ఒక చేత్తో కొడుకు తల పట్టుకున్నాడు. అక్కడ ముక్కుకూ మూతికీ మాస్కు బిగించి, యంత్రంతో గాలి పంపించారు. నిమోనియా అన్నారు. రోజుల తరబడి వాడు మంచం మీంచి చెయ్యి కూడా ఎత్తలేదు.

వార్డు బయట అత్తాకోడళ్ళిద్దరూ ఒకే దుప్పటి మీద పడుకునేవాళ్ళు. ఒక మధ్యాహ్నం లక్ష్మీదేవి గోడ వైపు తిరిగి అంది:

"ఆ దినం నాను ఆ మాట అనకండా ఉండాల్సింది అమ్మీ."

"మీరన్నదాంట్లో అబద్దమేటుంది అత్తా?"

"నిజమైనా అబద్దమైనా, అనకూడదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సుక్కెట్టమన్నది నానే కదా. నీది కాదు తప్పు, నాది."

తప్పెవరిదన్న లెక్క విజయదుర్గ అప్పటికే తేల్చేసుకుంది. చుక్కలో లేదు తప్పు. రెండు నిమిషాల్లో అయ్యేదాన్ని వానాకాలం దాకా ఈడ్చిన చెయ్యి తనది.

పిల్లవాడు బతికి ఇంటికొచ్చాడు. గాలి యంత్రం కూడా వాడితోపాటు వచ్చింది, రాత్రిళ్ళు పెట్టుకోవడానికి. ఒళ్ళు సగానికి సగం తీసిపోయింది. సుభశ్రీ వచ్చి ఒక్కొక్క వేలూ పట్టుకుని వంచి చూసింది. తన అరచెయ్యి కింద పెట్టి, "నొక్కు బాబూ" అంది. వాడు కళ్ళు మూసుకుని నొక్కాడు. "నొక్కు" అంది మళ్ళీ. అప్పటికే నొక్కుతున్నాడు వాడు.

గుమ్మం దాకా వెంట వెళ్ళిన విజయదుర్గ, "ఆ జోరు మళ్ళీ రాదా తల్లీ?" అని అడిగింది. సుభశ్రీ స్కూటీ తాళాలు వెతుక్కుంటున్నట్టు బ్యాగులో తల పెట్టి, లేదన్నట్టు ఊపింది.

వానలు వెనకపట్టు పట్టాక ఒక పగలు శ్రావణ్ తనే అన్నాడు, "ఇయ్యాల పెట్టమ్మా" అని. విజయదుర్గ సీడీ వేసింది. ఒళ్ళో తలగడ పెట్టి, దాని మీద రిమోట్ పెట్టి, వాడి బొటనవేలు తీసి మీట మీద ఆనించింది. తెర మీద బుల్లి శ్రావణ్ క్వార్టర్ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. వాడి బొటనవేలు వణికింది. మీట దిగలేదు. రెండో చేత్తో ప్రయత్నించాడు. మెడ నరాలు పొంగాయి, నుదుటి మీద చెమట పట్టింది. బొమ్మ కదల్లేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న లక్ష్మీదేవి నోట్లో కొంగు కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"నేను వేరే మీట సేస్తాను" అంది విజయదుర్గ గబగబా. "నొక్కక్కర్లేదు, అలా తాకితే సాలు. మీ నాన్నకి తెలుసు అలాటివి, మిల్లులో ఉంటాయి. రెండు వారాల్లో సేసెస్తానురా. గట్టిగా సేస్తాను, తప్పు రాకుండా."

వాడు తల్లి వైపు చూశాడు. "మళ్ళీ రెండు వారాలా?"

ఆమె తలగడ మీద జారిన రిమోట్‌ను సర్దింది.

"ఇంక ఆగలేనమ్మా" అన్నాడు. "నువ్వే నొక్కీ. నేను సూస్తాను."

రిమోట్ తన ఒళ్ళోకి తీసుకుంది. నొక్కింది. బొమ్మ గుమ్మం దిగింది. కాలనీ వీధి దాటింది, మిల్లు గోడ దాటింది, నది ఒడ్డుకు వచ్చింది. వంతెన మీద అడుగు పెట్టింది. పలకల సందుల్లోంచి నీళ్ళు పారుతూ కనిపిస్తున్నాయి. తాళ్ళ మధ్య నుంచి అవతలి కొండ. బొమ్మ ఇటు తిరిగినప్పుడల్లా చెంప మీద నల్లటి చుక్క.

"బాగుందమ్మా" అన్నాడు శ్రావణ్. "ఎక్కడా తప్పు లేదు."

ఆమె నొక్కుతూనే ఉంది. వంతెన మధ్యకు వచ్చేసరికి వాడు మళ్ళీ పిలిచాడు.

"అమ్మా."

"ఏటి నాన్నా?"

"ఇది నేను నడవడం కాదు కదా. ఇక్కడ కూడా నువ్వే తోస్తన్నావు. కుర్చీని తోసినట్టే."

కోపం లేదు ఆ గొంతులో. చూసింది చూసినట్టు చెప్పాడంతే. విజయదుర్గకు తెర అలుక్కుపోయింది, బొమ్మ ఎక్కడుందో నది ఎక్కడుందో తెలియడం లేదు. అతికష్టం మీద, "ఆపీమంటావా?" అంది.

వాడు తెర మీద అవతలి ఒడ్డు వైపు చూశాడు.

"వద్దులే. ఇంత దూరం వచ్చేం కదా. అవతలికి తీసుకెలిపో."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోవాలంటే మీట మీంచి వేలు తియ్యాలి, తీస్తే వాడు వంతెన మధ్యలో ఆగిపోతాడు.